అక్క సన్నబడుతున్న రోజుల్లో

నా బరువు ఎనభై ఆరు కిలోలని డాక్టరమ్మ పైకి చదివి, కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసింది. నాకప్పుడు నలభై మూడేళ్లు. షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చిందని చెప్పింది. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకోబోతుంటే, "ముందు పది కిలోలు దించండి, తర్వాత మోకాళ్ల సంగతి మాట్లాడుకుందాం" అంది. నేను నరసరావుపేటలో ప్రభుత్వ బడిలో టీచర్ని. పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. అయినా ఒళ్లు ఎందుకు తగ్గదో అర్థమయ్యేది కాదు.

ఇంటికొచ్చి ఆ కాగితం అక్కకు చూపించాను. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, నా తోడికోడలు. ఒకే ఇంట్లో కింది వాటా వాళ్లది, పై వాటా మాది. నాకంటే ఏడేళ్లు పెద్దది. వీధి వైపు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. ఆవిడా లావే. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ చుట్టాలు మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తూనే ఉన్నారు. ఎవరి చేతి పులుసు బాగుంటుంది, ఎవరి పిల్లలకు మార్కులు ఎక్కువొచ్చాయి, ఎవరు ఎక్కువ లావయ్యారు. "పెద్దామె కాస్త నయం, చిన్నామె ఒళ్లు వదిలేసింది" అనేవాళ్లు. పైకి నవ్వేదాన్ని గానీ లోపల పెట్టుకునేదాన్ని.

అక్క కాగితం చూసి, "నడక మన వల్ల కాదే" అంది. "ఎన్నిసార్లు మొదలుపెట్టాం? పోయేటప్పుడు కబుర్లు, వచ్చేటప్పుడు పునుగుల పొట్లం. ఎవురన్నా మీద నిలబడి చేయించేదైతేనే మనం చేసేది."

కరాటే, కర్రసాము లాంటివి నేర్చుకుందామన్న ఆలోచన ఆవిడదే. అంతకు ముందు వారం ఎవరో కాలేజీ పిల్ల కరాటే ప్యాంటు చిన్నది చేయించుకోవడానికి వచ్చిందట. "ఆ పిల్ల ఒంట్లో పిసరంత కొవ్వు లేదే" అని రెండు మూడుసార్లు చెప్పింది.

వేసవి సెలవులు ఇంకా వారం మిగిలి ఉన్నాయి. ఇద్దరం కలిసి ఊళ్లో ఎవరెవరు ఏమేం నేర్పుతున్నారో చూడటానికి బయల్దేరాం. మొదట కర్రసాము దగ్గరికి వెళ్లాం. ఊరి చివర ఖాళీ స్థలంలో ఒక పెద్దాయన నేర్పుతున్నాడు. కర్ర గాల్లో తిరుగుతుంటే ఈల వేసినట్టు చప్పుడు. అక్కకు అది బాగా నచ్చింది. "రండమ్మా, ఆడోళ్లు కూడా నేర్చుకోవచ్చు" అని ఆయన మర్యాదగానే అన్నాడు. కానీ అంతా మగవాళ్లే, పైగా సాయంత్రం పూట. సాయంత్రమైతే అక్క దగ్గరికి జాకెట్ల వాళ్లు వస్తారు. ఒంటి మోకాలి మీద కూర్చుని గిర్రున తిరగడం చూశాక నాకూ ధైర్యం చాలలేదు.

తర్వాత పురుగుమందుల కొట్టు మీద ఉన్న టైక్వాండో హాలుకు వెళ్లాం. పిల్లలు తల ఎత్తుకు కాళ్లు లేపి తంతున్నారు. మాస్టారు పాతికేళ్ల అబ్బాయి. "పిల్లల్ని చేర్పిస్తారా ఆంటీ?" అని అడిగాడు. "మా పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటన్నారు నాయనా. మాకే" అంది అక్క. అతను నవ్వు ఆపుకోవడానికి అవతలికి తిరిగాడు. మేమిద్దరం కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగాం. కిందికొచ్చాక అక్క నవ్వడం మొదలుపెడితే, నేనూ ఆపుకోలేక, కొట్టు ముందు నిలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. అన్నేళ్లలో మేమిద్దరం అలా నవ్వింది అదే మొదటిసారి అనుకుంటాను.

మూడోది కరాటే. ఒక ప్రైవేటు స్కూలు ఆవరణలో పొద్దున ఐదున్నరకు. నేర్పేది ఆ స్కూల్లోనే ఆటల టీచరు, మాచర్ల వైపు అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. ముందుగా బీపీ, షుగరు, ఆపరేషన్లు, అన్నీ అడిగి పుస్తకంలో రాసుకుంది. "కాలు నడుం దాకా లేస్తే చాలండీ. లేవకపోతే మోకాలి దాకా లేపండి. రోజూ రావాలి, అంతే" అంది. అక్క నా వైపు చూసింది. అక్కడే ఖాయమైపోయింది.

బజార్లో దొరికే తెల్ల డ్రెస్సులు మాకు పట్టవు. అక్క మందంగా ఉండే డ్రిల్ గుడ్డ తీసుకొచ్చి రెండూ తనే కుట్టింది. నా నడుం కొలిచినప్పుడు ఆ కొలత పైకి అనలేదు. చీటీ మీద రాసుకుని మడతపెట్టింది.

మొదటి వారమంతా ప్యాంట్ల మీద చున్నీలు కప్పుకుని గోడల పక్కగా వెళ్లేవాళ్లం. పాలు పోసే ఆమె ఒకరోజు ఆపి, "ఏందమ్మా ఇద్దరూ తెల్లగా తయారయ్యారు, ఎవుర్ని కొట్టడానికి?" అని అడిగింది. "వరసగా అందర్నీ" అంది అక్క. గుద్దు విసిరేటప్పుడు గట్టిగా అరవాలని కరాటే మేడం చెప్పింది. నాకు గొంతు పెగల్లేదు. మా ఇంట్లో ఎప్పుడూ గొంతెత్తని అక్క మాత్రం ఒక్క అరుపు అరిచింది. గోడ మీది కాకులు లేచిపోయాయి. ఆవిడకే భయమేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో నెలకల్లా చున్నీలు ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నాం.

మూడు నెలలు గడిచేసరికి నేను రెండు కిలోలు తగ్గాను. అక్క తొమ్మిది తగ్గింది.

శ్రావణమాసంలో క్రోసూరులో మా దగ్గరివాళ్ల పెళ్లి. అక్క మెజెంటా పట్టుచీర కట్టుకుంది. జాకెట్టు పక్క కుట్లు అప్పటికే రెండుసార్లు లోపలికి వేసుకుంది. భోజనాల దగ్గర ఆడవాళ్లంతా ఆవిడ చుట్టూ మూగారు. "ఏం చేస్తన్నావు వదినా? ఏం తింటన్నావు? మాక్కూడా చెప్పు!" అక్క సిగ్గుపడుతూ, "కరాటే" అంది. ఒకామె నా వైపు తిరిగి, "మరి నువ్వు పోవట్లేదా?" అని అడిగింది. ఇద్దరం కలిసే వెళ్తున్నామని చెప్పలేక, బడి పని ఎక్కువగా ఉందన్నాను.

మేడం అక్క ఫొటోలు రెండు, చేరిన రోజుదీ ఇప్పటిదీ, పక్కపక్కన పెట్టి వాట్సాప్ డీపీగా పెట్టుకుంది. అది చూసి ఆ వారమే ముగ్గురు ఆడవాళ్లు వచ్చి చేరారు. అక్క ఆ ఫొటో కొడుక్కి పంపింది, చెల్లెలికి పంపింది, నాకూ పంపింది. నేను బాగుందని రాయలేదు.

దాని తర్వాత నేను చేసిన పనిని ఎన్నిసార్లు తల్చుకున్నా తక్కువ చేసి చెప్పుకోలేను. అక్క తిండి తగ్గించిందని నాకు అనుమానం. ఒకరోజు మధ్యాహ్నం దోసకాయ పప్పు గిన్నెలో తీసుకుని కిందికి వెళ్లాను. ఆవిడకు ప్రాణం అది. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు పెట్టింది.

"తినబుద్ధి కావట్లేదే. చూస్తేనే కడుపు నిండిపోతంది" అంది.

"అన్నం మానేసి సన్నబడటం ఎవరికైనా వస్తుందక్కా. దానికి కరాటే ఎందుకు?" అన్నాను.

ఆవిడ నాకు చెప్పింది తన జబ్బు. నాకు వినపడింది గొప్పలు. మర్నాడు పొద్దున అక్క మధ్యలో ఆగి, నడుం పట్టుకుని వరండా అరుగు మీద కూర్చుంది. నేను మేడం దగ్గరికి వెళ్లి, "కడుపు మాడ్చుకుంటుంది మేడం, అందుకే ఓపిక ఉండట్లేదు. పేరేమో కరాటేకి వస్తోంది" అని చెప్పాను. మేడం నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "అలాగా" అంది. ఆ తర్వాత కొన్నాళ్లు అక్కకు ఏదో ఒక సాకు చెప్పి ఆవిడకంటే ముందే బయల్దేరి వెళ్లేదాన్ని.

దసరా సెలవుల్లో మొదటి బెల్టు పరీక్ష పెడతానని మేడం చెప్పింది. దానికి నాలుగు రోజుల ముందు, అప్పుడే తెల్లవారింది, మేడం అక్క భంగిమ సరిదిద్దుతూ ఆగిపోయింది. గడ్డం కింద వేలు పెట్టి అక్క ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"కళ్లేంటి ఇలా ఉన్నాయి? పచ్చగా ఉన్నాయి కదండీ" అంది.

రోజూ పక్కనే ఉన్నాను. నేను చూడలేదు.

కామెర్లన్నారు. బావగారు గురజాల అవతల ఒక పల్లెకు తీసుకెళ్లి పసరు పోయించారు. మూడు వారాలు ఉప్పూకారం లేని చప్పిడి తిండి. తగ్గకపోగా ఒళ్లంతా దురద మొదలైంది. అప్పుడు గుంటూరు తీసుకెళ్లాం. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. పెద్ద డాక్టరు అక్క పొట్ట నొక్కి చూసి, బరువు తగ్గారా అని అడిగాడు.

"తగ్గానండీ, పద్నాలుగు కిలోలు. కరాటేకి పోతన్నా" అంది అక్క. ఆ మాటలో అప్పటికీ కొంచెం గర్వం ఉంది.

డాక్టరు పెన్ను ఆపి ఆవిడ వైపు చూశాడు. "మంచిదమ్మా" అని మాత్రం అన్నాడు. స్కానింగు అయ్యాక బావగారినీ నన్నూ లోపలికి పిలిచాడు. పొట్ట వెనక క్లోమ గ్రంథిలో క్యాన్సరు, కాలేయానికి కూడా పాకిందన్నాడు. ఆకలి చచ్చిపోవడం, నడుంలో నొప్పి, బరువు పడిపోవడం, అన్నీ దానివేనన్నాడు. ఇంతకు ముందెవరూ గమనించలేదా అని అడిగాడు. నిందించినట్టు కాదు, ఊరికే అడిగాడు. బావగారు నా వైపు చూశారు. బరువు తగ్గుతుంటే అందరం సంతోషపడ్డామని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కామెర్లు దిగడానికి గొట్టం వేశారు. మందులు ఎక్కించారు. రెండోసారి ఎక్కించాక ఇక చాలని అక్కే చెప్పేసింది. ఇంటికి తీసుకొచ్చాం. మేడం ఆ ఫొటో ఎప్పుడో తీసేసింది. అక్కను చూడటానికి వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చి వెళ్లిపోయింది. పెళ్లిలో చుట్టూ మూగినవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లలో ఎవరూ ఆవిడ ఒంటి గురించి ఒక్క మాట అనలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. కాళ్లకు కొబ్బరినూనె రాస్తున్నాను. అప్పటికి ఆ కాళ్లు నా ముంజేతులంత అయ్యాయి. ఇక ఆగలేక చెప్పేశాను. ఓర్వలేకపోయానని, కడుపు మాడ్చుకుంటుందని మేడంతో అన్నానని, ముందే బయల్దేరి వెళ్లింది కూడా అందుకేనని.

"తెలుసులే" అంది అక్క.

"మరి ఎందుకు అడగలేదు?"

"అడగటానికేముందే? నీకు కడుపుమంట. నాకేమో చానా సంబరంగా ఉండేది." ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "నడుం నొప్పి ఆషాఢంలోనే మొదలైంది. ఎవురికీ చెప్పలా. చెప్తే మీ బావ మానిపిస్తాడు గదా. మానేస్తే మళ్లా లావైపోతా గదా. పొద్దున్నే అద్దంలో చూసుకుని మురిసిపోయేదాన్ని. ఇదంతా నా కష్టమే అనుకున్నా."

నేను ఏడుస్తుంటే, "నూనె కారిపోతంది, దుప్పటి చూసుకో" అంది.

చలి ఇంకా పూర్తిగా పోకముందే, మాఘమాసంలో ఒక ఉదయం అక్క పోయింది. స్నానం చేయించి చీర కట్టేటప్పుడు బీరువాలో ఉన్న జాకెట్లలో ఏదీ ఆవిడకు సరిపోలేదు. అన్నీ వదులే. చివరికి నేను సూదీదారం తెచ్చుకుని ఒకదానికి రెండు వైపులా పెద్ద పెద్ద కుట్లు వేశాను. నాకు కుట్టు రాదు. వంకరగా వచ్చాయి.

ఆ తర్వాత ఏడాదిపైన నేను ఆ స్కూలు వైపే వెళ్లలేదు. బరువు తొంభై దాటింది. గుమ్మం దాకా వచ్చిందన్న షుగరు ఇంట్లోకే వచ్చింది. ఒక ఆదివారం మేడం మా ఇంటికి వచ్చింది. "మీరు రాకపోతే అక్క ఏమీ అనుకోరు. కానీ మీ షుగరు ఊరుకోదు" అంది. ఆ అమ్మాయి మాట కఠినంగా ఉన్నా నిజమే. మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పుడు డెబ్భై తొమ్మిది కిలోలున్నాను. ప్రతి మూడు నెలలకూ రక్త పరీక్షలు చేయించుకుంటాను. బస్టాండులో ఎవరైనా గుర్తుపట్టి "సన్నబడ్డావే!" అంటే నవ్వలేను. అన్నం బాగానే తింటున్నానని చెబుతాను. వాళ్లు అడగలేదు, అయినా చెబుతాను.

మొన్న వేసవిలో కొత్తగా ఒకామె మా బ్యాచ్‌లో చేరింది. ముప్పై అయిదేళ్లుంటాయి, ఇద్దరు చిన్న పిల్లల తల్లి. రెండు నెలల్లో బాగా తగ్గింది. అందరూ మెచ్చుకుంటుంటే ముఖం వెలిగిపోతోంది. ఆమెను పక్కకు పిలిచి, ఆకలవుతోందా, ఎక్కడైనా నొప్పిగా ఉందా, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోకూడదా అని అడిగాను.

"మీరు నాలా తగ్గలేదని నాకు జబ్బు అంటగడతారేందండీ?" అంది.

అక్కడున్నవాళ్లంతా విన్నారు. మేడం ఒక్కతే నా వైపు చూసి తల దించుకుంది. ఆమె అప్పట్నుంచి నాతో మాట్లాడదు, వరసలో నాకు దూరంగా వెళ్లి నిలబడుతుంది. బాగానే ఉన్నట్టుంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి, పని అయ్యాక సంచిలోంచి అరటిపండు తీసుకుని ఇష్టంగా తింటుంది. అయినా రోజూ పొద్దున వెలుతురు రాగానే నా చూపు ఆమె కళ్ల మీదికే వెళ్తుంది. ఆమె చిరాకు పడి అటు తిరిగేదాకా చూస్తూనే ఉంటాను.