ఖదీర్ సార్ నడక లెక్క

పొద్దున నడుస్తుంటే జేబులో ఫోన్ ఒకసారి అదిరింది. ఈ రోజుకు పెట్టుకున్న అడుగులు పూర్తయ్యాయని యాప్ చెప్పే పద్ధతి అది. ఏళ్లుగా అలవాటైనదే. అయినా ఖదీర్ సార్ పోయిన ఈ ఇరవై రోజులుగా అది అదిరిన ప్రతిసారీ ఆగి నిలబడుతున్నాను.

ఆయన కోరుట్లలోని మా డిగ్రీ కాలేజీకి జగిత్యాల నుంచి బస్సులో వచ్చి బోటనీ చెప్పేవారు. చిన్నప్పుడు పోలియో రావడంతో ఎడమ కాలు ఈడ్చి నడిచేవారు. మేము ఫస్టియర్‌లో ఉండగా కాలేజీలో రక్తపరీక్షలు చేశారు. నాకు షుగర్ అంచుల దాకా వచ్చిందని తేలింది. మా అమ్మ అప్పటికే ఇన్సులిన్ మీద ఉంది. "ఇప్పటి నుంచే నడిస్తే మందులు లేకుండ గడుస్తది" అన్నాడు డాక్టర్. ఆ వారమే సార్ క్లాసందరి ఫోన్లలో అడుగులు లెక్కపెట్టే యాప్ వేయించి ఒక గ్రూపు పెట్టారు. అది నా కోసమని ఎవరికీ చెప్పలేదు. ఎవరెన్ని అడుగులు వేశారో గ్రూపులో చూపే పట్టికలో ఆయన పేరు ఎప్పుడూ చివరనే ఉండేది.

"ఏంది సార్, మీరే లాస్టా?" అని మగపిల్లలు ఏడిపించేవారు.

"నా నడక నా ఫోన్‌కు సుత సమజైతలేదురా. సగమే లెక్కవెడ్తుంది" అని నవ్వేవారు.

ఆయనకు సరిగ్గా పైన నా పేరు ఉండేది. ఆ సిగ్గుతోనే దసరా సెలవులకు సిరిసిల్ల వెళ్లినప్పుడు ఒక పని చేశాను. మా బాపు సాంచలు నడిపేవాడు. మరమగ్గాలను మేము అలాగే అంటాం. బట్ట నేస్తున్నంతసేపూ అందులో ఒక చెక్క ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఫోన్‌ను దస్తీ గుడ్డలో చుట్టి దానికి కట్టాను.

"గదేంది బిడ్డా?" అన్నాడు బాపు.

"కాలేజీ పని" అన్నాను. సెలవులు అయిపోయేసరికి గ్రూపులో నేనే ఫస్ట్.

కాలేజీ తెరిచిన రోజు క్లాసంతా చప్పట్లు కొట్టింది. సార్ కూడా కొట్టారు. తర్వాత నన్నొక్కదాన్నే ల్యాబ్‌లోకి పిలిచి, ఫోన్ అడిగి తీసుకుని, గంటగంటకూ పడిన అడుగులు చూశారు.

"పొద్దుగాల షురూ చేస్తే ఒక్క నిమిషం ఆగలే. రోజు ఒంటిగంటకే ఆగినవ్, గంటసేపైనంక మళ్ల లేచినవ్. గది కరెంటు పోయే టైము. మా అత్తగారిల్లు సిరిసిల్లనే బిడ్డా."

ఫోన్ నాకు తిరిగి ఇచ్చారు.

"సాంచకు షుగర్ లేదు గదా" అన్నారు మెల్లగా.

ఏడ్చాను. ఆయన తిట్టలేదు, ఏడవొద్దని కూడా అనలేదు. కాసేపటికి, "నడువనీకి నీకేం అడ్డమొస్తుంది? గది చెప్పు" అన్నారు. అప్పటిదాకా అందరూ నడవమని చెప్పినవాళ్లే. ఈ మాట ఎవరూ అడగలేదు. కాలేజీ వదిలిన గంటకే హాస్టల్ గేటు మూస్తారని, పొద్దున తీయరని, ఊరికే నడిచే ఆడపిల్లను ప్రతి దుకాణంవాడూ "ఎటు వోతున్నవ్?" అని అడుగుతాడని చెప్పాను.

"అరే, గిన్ని దినాలు మీ ఆడివిల్లలకు బద్దకమనుకున్న" అన్నారు, తప్పు తనదే అన్నట్టు.

పొద్దున గేటు తీసేలా వార్డెన్‌ను ఒప్పించడానికి ఆయనకు వారం పట్టింది. ఆ తర్వాత తన భార్యను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చేవారు. ఆమె మా హాస్టల్ అమ్మాయిల ముందు నడిచేది. ఆయన కాలీడ్చుకుంటూ వెనుక వచ్చేవారు. మేము మెల్లగా నడిస్తే ఒప్పుకునేవారు కాదు. "నా కోసం ఆగకుండ్రి. నడువుర్రి" అని కేకేసేవారు. రెండు నెలలకు దుకాణాలవాళ్లు అడగడం మానేశారు. అప్పుడు సార్ రావడం మానేశారు. మేము నడవడం మానలేదు. ఏడాది చివర చేసిన పరీక్షలో నా షుగర్ మామూలుకు వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు నేను సిరిసిల్లలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తున్నాను. మొన్న షుగర్ ఎక్కువున్న ఒక కాలేజీ అమ్మాయి తల్లితో వచ్చింది. "రోజు నడుస్తున్న మేడం, చూడుండ్రి" అని ఫోన్ ముందుకు చాపింది. నిజం కాదని ఆమె ముఖమే చెబుతోంది. నేను ఫోన్ తీసుకోలేదు.

"మీ ఇంటికాడ నడువనీకి జాగ ఉందా?" అని అడిగాను.

ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడిన తల్లి వైపు చూసింది. తల్లిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది.