మా ఇంటి రాయబారి

మా ఆయన కుట్టు కంపెనీలో కటింగ్ మాస్టరు. అక్కడ అందరూ ఆయన్ని రాయబారి అంటారు. ఎవరు ఏ వెధవ పని చేసినా ఓనరు దగ్గరికి వెళ్ళి నచ్చజెప్పేది ఆయనే. మిషను పాడుచేసినవాడు, సూపర్‌వైజరు మీద నోరు పారేసుకున్నవాడు, అందరూ ఆదివారం చర్చి అవగానే మా ముందుగదిలో తిష్ఠ వేసేవారు. "అన్నా, మీరొక్క మాట చెప్పండన్నా" అనేవారు. ఆయన తల ఊపేవారు. నేను టీ పెట్టేదాన్ని. ఈ ఊడిగంతో నాకు ఒళ్ళు మండిపోయేది.

"వాళ్ళకి కాళ్ళు లేవా? వాళ్ళే వెళ్ళి అడగొచ్చుగా?"

"తప్పు చేసినవాడికి ఆ గుమ్మం దాటే ధైర్యం ఉండదే" అనేవారు.

ఈసారి తప్పు చేసింది నా తమ్ముడు. వాడూ అక్కడే గుడ్డ పరిచి కత్తిరిస్తాడు. ఏదో పెద్ద హాలుకి మఖ్మల్ తెరలు కావాలని ఆర్డరు వచ్చింది. మఖ్మల్‌కి నూగు ఒకవైపే వాలి ఉంటుంది, తిరగేస్తే రంగు వేరుగా కనిపిస్తుంది. అందుకని పొరలన్నీ ఒకే వైపు పరిచి, ఒక్కోదాని మీద సుద్దతో బాణం గుర్తు పెట్టి కోయాలి. మావాడికి బద్ధకం. గుడ్డని అటూ ఇటూ మడతలు వేసుకుంటూ పోయాడు, గుర్తులు అసలే పెట్టలేదు. తెరలు కట్టి చూస్తే ఒకటి ముదురు, ఒకటి లేత. ఆర్డరంతా తిరిగొచ్చింది. వాణ్ణి తీసేస్తానన్నాడు ఓనరు.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు, దేవుడికీ పాపులకీ మధ్య నిలబడ్డవాడు ఒక్కడేనని చెప్పారు. ఆయన ఊరికే సిఫారసు చేసి వదిలెయ్యలేదట, మన తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడట. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. ఇంటికొచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"బావతో చెప్పక్కా."

"నువ్వే వెళ్ళి తప్పయిందని చెప్పుకోరా."

"నా మొహం చూస్తేనే ఓనరుకి మంట. బావ మాటైతే వింటాడు."

నోటికొచ్చినట్టు తిట్టాను. కానీ వాడికి ఇద్దరు పసిపిల్లలు, ఇంకో పని చేతకాదు. చివరికి నేనే మా ఆయన ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఏ మాట విని విసుక్కున్నానో అదే నా నోట్లోంచి వచ్చింది.

"మీరొక్క మాట చెప్పండి."

మర్నాడు మధ్యాహ్నానికే ఆయన తిరిగొచ్చారు. చేతిలో గుడ్డలో చుట్టిన ఆయన కత్తెర ఉంది.

"ఏమన్నాడు బావా?" పొద్దుటి నుంచీ మా ఇంట్లోనే కాచుకుని ఉన్న తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"రేపు రమ్మన్నాడు. ఇక గుర్తులు పెట్టకుండా కత్తెర ముట్టుకోకు."

తమ్ముడి మొహం విప్పారింది. నేను మాత్రం ఆ గుడ్డ మూటనే చూస్తున్నాను. ఇన్నేళ్ళలో ఆ కత్తెర ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు.

"దీన్నెందుకు తెచ్చారు?"

"ఆర్డరిచ్చినవాళ్ళకి తప్పు ఫలానావాడిదని ఎవరో ఒకర్ని చూపించాలన్నాడు. కోసేముందు పొరలు చూడాల్సింది నేనే కదా. నన్ను చూపించమన్నాను."

"అంటే తీసేశాడా మిమ్మల్ని?"

ఆయన చెప్పులు విప్పుతూ తల ఊపారు.

"ఒక్క మాట చెప్పమన్నాను. ఉద్యోగం ఇచ్చి రమ్మన్నానా?"

"మాటతో పోయేది కాదే అది."

తమ్ముడు "ఇంట్లో చెప్పొస్తా" అని వెళ్ళిపోయాడు.

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సింకులో పడేశాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వచ్చింది. తమ్ముడి మీద, ఆయన మీద, అడిగిన నా నోటి మీద. నిన్న అన్న ఆమెన్ గుర్తొచ్చింది. నెత్తిన వేసుకున్నవాడు నా ఇంటివాడు కాదు కాబట్టి అంత తేలిగ్గా అనగలిగాను. సిలువ దగ్గర నిలబడ్డ ఆ తల్లికి ఎంత కోపం వచ్చి ఉంటుందో ఇంతవరకూ ఏ పాస్టరూ నాకు చెప్పలేదు.