బొద్దు అక్షరాలు

మా వీధి చివర బోర్డులు రాసే ఆయన్ని అందరూ బొద్దక్షరాల బాబాయ్ అనేవారు. మనిషి మాత్రం ఎండుపుల్ల.

ఆయన అక్షరాలకి మూలలు ఉండేవి కావు. గీత గుండ్రంగా మొదలై గుండ్రంగా ఆగేది. బొమ్మల దుకాణాలు, ఐస్‌క్రీం బండ్లు, పసిపిల్లల బడులు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవి. కదిలే బస్సులోంచి కూడా పేరు చదవొచ్చు. ఒక ప్లీడరు మాత్రం నమూనా చూసి, ఇలా రాస్తే కక్షిదారులు నవ్వుకుంటూ వెళ్లిపోతారని వెనక్కి తిరిగాడు. చిన్నగా రాయడానికి అవి పనికిరావు. అక్షరం కడుపులోని ఖాళీ పూడుకుపోతుంది. అందుకని పేరు కింద అడ్రసు ఎప్పుడూ సన్నటి రాతలోనే.

అడ్రసు ఆయన ఒక్కడే రాసేవాడు. పేరు ఇద్దరి పని. రేకును బల్ల మీద పరిచి ఆయన నిలబడి అంచులు గీసి, తన కుర్చీలో కూర్చునేవాడు. పిన్ని ఎదురుగా స్టూలు వేసుకుని లోపల రంగు నింపేది.

"మీ అక్షరాలకి ఆకలెక్కువ. ఎంత పోసినా చాలదు," అనేది.

"తినిపించే చెయ్యి అలాంటిది మరి," అనేవాడు.

పేరులో అక్షరాలు సన్నగా ఉంటే ఆమె పని ఇట్టే అయిపోయేది. లేచి ఇంట్లోకి వెళ్లిపోయేది. ఏడాదికేడాది ఆయన అక్షరాలు లావెక్కాయి. పనితనం ముదిరిందని జనం అనుకున్నారు.

పిన్ని పోయాక ఆయన అడ్రసులు, ఇంటి నంబర్లు మాత్రమే రాశాడు. అప్పుడు బొమ్మల దుకాణం అతను వచ్చాడు. పాత బోర్డు తుప్పు పట్టిందట, మళ్లీ అవే అక్షరాలు కావాలట. బాబాయ్ కాదనలేకపోయాడు. అంచులు గీశాడు. అక్కడితో ఆగిపోయాడు. రేకు బల్ల మీద అలాగే పడి ఉంది.

దుకాణం అతను మళ్లీ వచ్చి చూశాడు.

"షాపు బాగుచేయించి రేపే మళ్లీ తెరుస్తున్నాను బాబాయ్. చేతకాకపోతే చెప్పెయ్యండి, ఏమీ అనుకోను. కంప్యూటర్ వాళ్ల దగ్గర ఇలాంటి అక్షరాలే రెడీగా ఉన్నాయట."

"సాయంత్రం రా," అన్నాడు బాబాయ్.

తన కుర్చీలోంచే మొదలుపెట్టాడు. పై వంపులకు చెయ్యి అందలేదు. వంగితే చొక్కా చెయ్యి తడి రంగుకు అంటింది. కాసేపు చూసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

అటు నుంచి అక్షరాలన్నీ తలకిందులు. ఆమె ఏ పేరూ చదువుతూ నింపలేదన్నమాట. తిన్నగా కనిపించింది ఎదురుగా ఉన్న తన కుర్చీ ఒక్కటే. అది ఖాళీగా ఉంది.

ఆయన నింపడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం ఎంతసేపు పడుతుందో మొదటిసారి తెలిసింది. తొందరపడలేదు.

సాయంత్రం దుకాణం అతను వచ్చేసరికి పేరు ఆరుతోంది. పాతదానిలాగే ఉందని సంబరపడ్డాడు. కిందికి చూసి, అడ్రసు లేదేమని అడిగాడు.

"అదెంతసేపు, కూర్చో," అన్నాడు బాబాయ్. తన కుర్చీలోకి మారి సన్నటి కుంచె తీశాడు.

దుకాణం అతను స్టూలు మీద కూర్చోబోయి, పనుందంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

అడ్రసు త్వరగానే అయిపోయింది.