పేరు చెప్పిన మందు

రాయకోట సంతలో మద్దమ్మ అమ్మే దగ్గుపొడికి మంచి గిరాకీ. ఆ పొడిని ఇంట్లో తలుపు మూసుకుని దంచేది మాత్రం ఆమె అత్త పుట్టమ్మ. మందు పేరు బయటికి చెబితే అది పనిచేయదని ఆ ఇంటి నమ్మకం. చివర్లో కలిపే వేరు ఏమిటో కోడలికి కూడా చెప్పలేదు.

డెబ్బై ఆరులో ఒక సంతరోజు మందుల ఇన్‌స్పెక్టరు వచ్చి పొట్లాలన్నీ మూటగట్టుకున్నాడు. "లైసెన్సు లేకుండా పొడి చేసి అమ్మకూడదమ్మా. వేర్లూ కాయలూ ఉన్నవి ఉన్నట్టు అమ్ముకో," అని చెప్పి పోయాడు.

"అట్ల పెడితే ఊరందరికీ తెలిసిపోదా? ఇంక సంతకు పోవద్దు," అని పుట్టమ్మ కళ్ళెర్రజేసింది.

"పోతానత్తా. పొయ్యి ఆర్పుకుని గుట్టు కాపాడుకునేది నా వల్ల కాదు."

మద్దమ్మ పట్టు పడితే వదిలే మనిషి కాదు. మరుసటి సంతలో గోనెపట్ట పరిచి శొంఠి, కరక్కాయలు, అడ్డసరం ఆకు విడివిడిగా కుప్పలు పోసింది. ఒక్కొక్కదాని పేరూ గొంతెత్తి చెప్పి, "మీ ఇంట్లోనే దంచుకోండమ్మా!" అని కేకేసింది. కోపంగానే వెంట వచ్చిన పుట్టమ్మ, వెనకాల మొహం తిప్పుకుని కూర్చుంది.

చంకలో బిడ్డతో ఒక తల్లి వచ్చింది. "పొడిలో వేసేది ఇంతేనా మద్దమ్మా?"

"నాకు తెలిసింది ఇంతేనమ్మా. దాచుకునింది ఏమీ లేదు."

బిడ్డ గుక్కతిప్పుకోకుండా దగ్గింది. పుట్టమ్మ దిగ్గున లేచింది. కొంగుముడి విప్పి, ఎండిన వేర్లు గోనెపట్ట మీదికి విసిరి, సంతంతా వినబడేలా అరిచింది:

"నేలవాకుడు లేకుండా దగ్గు యాడ తగ్గుతుందే!"