అడగకుండా రాసిన మాట

కోపమొస్తే ఆమె చున్నీ అంచు దారం లాగి వేలికి బిగించి చుట్టేది, మళ్లీ విప్పేది. హైదరాబాద్‌లో క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేసే ఆమె, మా గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. నేను ఆ ఊరి దవాఖానలో రోగుల వివరాలు రాసే గుమస్తాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆమె తండ్రిని మా దవాఖానలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చేర్చారు. మర్నాడే ఆమె హైదరాబాద్ నుంచి వచ్చి నా బల్ల మీద కేసు షీటు పెట్టింది.

“మా బాపు బీడీలు తాగుతడని ఎవరు రాసిన్రన్నా?”

“నేనే. బాయి పనోళ్లకు అందరికీ గట్లనే రాస్తమమ్మా.”

“అడిగినవా?”

నేను షీటు తిరగేశాను. దారం ఆమె వేలిని కోస్తోంది.

“కణంల డీఎన్ఏ దారం గిట్ల బిగుసుకుంటే లోపలి రాత చదవరాదు. అప్పుడు ఒంట్ల కాపలా కణాలు క్యాన్సర్‌ను గుర్తుపట్టలేవు. దాన్ని విప్పుడెట్లనో ఏండ్ల సంది చూస్తున్న. నువ్వు ఒక్క మాటతోని మా బాపు రోగం కారణాన్నే మూసేసినవ్. లోపల గ్యాస్ అంటుకుంటదని, బాయి దిగేముందు కాపలోళ్లు అగ్గిపెట్టె కోసం రోజూ జేబులు తడుముతరు. ఆయన బయట గూడ బీడీ ముట్టలే. బొగ్గు దుమ్ము మాట ఏడ రాసినవ్?”

బీడీ మాటను కొట్టేయబోయాను. ఆమె నా చెయ్యి ఆపింది.

“కొట్టెయ్యకు. అడగకుండా రాసింది నువ్వేనని పక్కన నీ పేరు రాయి.”

రాశాను. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. నా వెనక బీరువా నిండా అలా అడగకుండా రాసిన కాగితాలే ఉన్నాయి, వేటి పక్కనా నా పేరు లేదు.