పోశం కాక తట్టి చూసిన స్లాబు

ఠక్, ఠక్. ముందు కర్ర చప్పుడు వస్తుంది, తర్వాతే పోశం కాక వస్తాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పైకప్పు తట్టి, గుల్లగా మోగితే మనుషులను బయటికి పంపించిన చెయ్యి రిటైరైనా ఊరుకోదు. హోటల్ బల్ల తడతాడు, పెళ్లి పందిరి గుంజ తడతాడు. ఒకసారి పెళ్లికొడుకు మేనమామ బట్టతల కూడా తట్టబోతే నలుగురు పట్టుకున్నారు.

మెకానిక్ ఇస్హాక్ దుకాణానికి వచ్చినా అంతే.

"కాకా, అది రేకు. గుల్లగనే మోగుతది."

"అందుకే చెప్తున్న. దాని కింద కూసోకు."

"మరి యాడ కూసోవాలె?"

"ఎండల."

"మే నెలల?"

"టోపీ పెట్టుకో."

ఆ ఆదివారం మాత్రం ఇస్హాక్‌కు నవ్వు రాలేదు. కాక నలభై ఏళ్లుగా ఉన్న పార్టీలో ఈమధ్య జైపాల్ గుంపు చేరి, ద్వేషాన్ని సభ్యత్వ రసీదుల్లా పంచుతోంది. ఎదురు హాల్లోనే మీటింగు. మైకు మాట రోడ్డు దాటి వచ్చి ఇస్హాక్ పానాల మీద పడుతోంది.

"సాయిబుల దుకాణాలల్ల అడుగు పెట్టం అని అందరు చేతులు సాపి ఒట్టు పెట్టాలె" అంటున్నాడు జైపాల్.

హాల్లో సగం మంది ఇస్హాక్ దగ్గర బండ్లు బాగు చేయించుకునేవాళ్లే. ఈ ఒట్టు పడితే దుకాణం మూతే. కిటికీలోంచి చేతులు ఒక్కొక్కటే ముందుకు రావడం కనిపిస్తోంది.

ఠక్. ఠక్. హాల్లో పోశం కాక లేచి కర్రతో స్లాబు తడుతున్నాడు.

"కాకా, కూసో" అన్నాడు జైపాల్ మైకులో.

"ఒక్క నిమిషం బిడ్డా." కర్ర మళ్లీ మోగింది. తర్వాత బాయిలో వినిపించిన ఆ పాత గొంతు. "పైకప్పు గుల్లగున్నది. బయటికి నడువున్రి."

అక్కడున్నది బాయి మనుషులు. ఆ మాట వింటే వాళ్ల కాళ్లు బుర్రను అడగవు. చాచిన చేతులు దించకుండానే బయటికి ఉరికారు. జైపాల్‌ను వాళ్ల నాన్నే రెక్క పట్టుకుని గుంజుకొచ్చాడు. రోడ్డు మీద నిప్పులాంటి ఎండ. నీడ కోసం అందరూ ఇస్హాక్ రేకుల కిందికే వచ్చారు. అతను కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. జైపాల్ వాళ్ల నాన్న రెండు గ్లాసులు తాగాడు. బండి బాగుకిచ్చిన ఆగయ్య అది ఎప్పుడిస్తావని అడిగాడు. ఒట్టు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పోశం కాక తన బండి తోసుకుంటూ వచ్చాడు.

"కాకా, నిజంగనే గుల్లగ ఉన్నదా?"

"పోయినేడు ఏసిన స్లాబు. ఏనుగు ఎక్కినా పడది. ముప్పై ఏండ్లల పైకప్పు మీద ఒక్క అబద్ధం చెప్పలే. నిన్న చెప్పిన."

ఇస్హాక్ పానా పక్కన పెట్టాడు. "షుక్రియా కాకా" అన్నాడు. "నిన్ను పార్టీల ఉండనిస్తరా?" అని అడిగాడు.

"నేను నలభై ఏండ్లసంది ఉన్న. వాళ్లు మొన్న వచ్చిన్రు, పోతే వాళ్లే పోతరు. వచ్చే ఆదివారం మల్ల మీటింగట. బండి శనివారం లోపట ఇయ్యి, నేను అందరికంటె ముందుగాల పోయి స్లాబు తట్టాలె."