బావ చెయ్యి దించలేదు

మొన్న ఖమ్మంలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తే, చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. చెయ్యెత్తడం మానేసి నవ్వడం మొదలుపెట్టాను. "ఏంది సార్, చక్కిలిగిలైతుందా?" అంది పరీక్ష చేస్తున్న అమ్మాయి. కాదమ్మా, మా బావ గుర్తొచ్చాడన్నాను. ఆ అమ్మాయికి చెప్పడానికి వీలుపడలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

మా అక్కను మణుగూరు ఇచ్చారు. బావ బొగ్గు గనిలో డ్రిల్లు మీద పనిచేసి రిటైరయ్యాడు. అక్క పెళ్లికి ముందే వయొలిన్ నేర్చుకుంది. సాయంత్రం దీపాలు పెట్టాక సాధనకు కూర్చుంటే, బావ ఎదురుగా స్టూలేసుకుని కమాను కదలికనే చూస్తూ ఉండేవాడు. అది ఆగగానే "బాగుంది" అనేవాడు. కల్యాణి అయినా బాగుందే, తోడి అయినా బాగుందే. ఒకసారి ఒళ్లుమండి అక్క కావాలనే అపస్వరాలు వాయించింది. అదీ బాగుందే. "కుక్కర్ పక్కనే కూసుంటడు తమ్మీ, ఎన్ని కూతలు కూసినా లేవడు. నా వయొలిన్ మీదుంటదా ఇగ ధ్యాస!" అని నా దగ్గర మొత్తుకునేది. గని కాలనీలో అందరూ గట్టిగానే మాట్లాడతారు. అక్కడ ఒక మనిషి గొంతు ఇంకాస్త పెద్దదైతే పట్టించుకునేవాళ్లెవరు?

కరోనాకు ముందు ఒక ఆదివారం, కాలనీ క్లబ్బు హాల్లో అక్క కచేరీ పెట్టారు. దానికి ముందు వినికిడి గురించి ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఉపన్యాసం. సైన్సంటే వచ్చేవాళ్లు కొందరు, సంగీతమంటే వచ్చేవాళ్లు కొందరు, రెండూ కలిపితే హాలు నిండుతుందని నిర్వాహకుల ఆలోచన. హాలు నిండింది. అది ఉప్మా వాసన మహిమ అని బావ అన్నాడు. అక్క మాత్రం పొద్దుటినుంచీ ముభావంగా ఉంది. "ఇదే ఆఖరు తమ్మీ. ఇంట్ల మనిషికే పట్టనిది ఊరికి వాయించి ఏం ఫాయిదా? పెట్టెల పెట్టేస్త" అంది.

పత్రికవాణ్నని నన్ను ముందు వరుసలో, బావ పక్కన కూర్చోబెట్టారు. వేదిక మీద ఒక పక్క అక్క, మృదంగం ఆయనా శ్రుతి చూసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. మధ్యలో లెక్చరర్ గారు ల్యాప్‌టాప్ తెరిచి, "అందరూ కళ్లు మూసుకోండి. శబ్దం వినపడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచండి. ఆగిపోయిందనిపిస్తే దించండి" అన్నారు. తుమ్మెద రొదలా మొదలైన శబ్దం సన్నబడుతూ పైకి పోయింది. ఒక దశలో నాకు ఏమీ వినపడలేదు. చెయ్యి దించి కళ్లు తెరిచాను. పెద్దవాళ్ల చేతులు దిగాయి, ఆఖరికి పిల్లలవీ దిగాయి. లెక్చరర్ శబ్దం ఆపేశారు. హాలంతటికీ బావ చెయ్యి ఒక్కటే పైన ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని, ఫొటోకి కూర్చున్నవాడిలా మర్యాదగా నవ్వుతున్నాడు.

హాలు గొల్లుమంది. "దించన్నా, దించు! నీయి గబ్బిలం చెవులా ఏంది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నేను మోచేత్తో పొడిచాను. బావ కళ్లు తెరిచి, చుట్టూ చూసి, చెయ్యి దించి, అందరితో పాటు తనూ నవ్వేశాడు. అక్క నవ్వలేదు. ఏళ్ల తరబడి యంత్రాల రొదలో పనిచేసినవాళ్లకు సన్నని శబ్దాలు ముందు దూరమవుతాయనీ, బొంగురువి చాలాకాలం మిగిలి ఉంటాయనీ, అలాంటివాళ్లు ఎదుటివాళ్లను చూసి నెట్టుకొస్తుంటారనీ లెక్చరర్ గారు చెప్పుకుపోతున్నారు. అక్క కమాను ఒళ్లో పెట్టుకుని బావనే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత కచేరీ. అక్క ఆలాపన మొదలుపెడితే మెట్టుమెట్టుగా పైకి పోవడం అలవాటు. ఆ రోజు అన్నిటికంటే లావు తీగ మీద కమాను ఆనించి, మంద్రస్థాయి వదల్లేదు. కొంచెం పైకి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ కిందికే వచ్చింది. మృదంగం ఆయన ఒకటి రెండుసార్లు ఆవిడ వంక చూశాడు. వెనక వరుసలో ఆవలింతలు మొదలయ్యాయి. బావ మామూలుగానే కమానును చూస్తూ కూర్చున్నవాడు కాస్తా మెల్లగా ముందుకు వంగాడు. తల వంచాడు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, కళ్లు మూసుకున్నాడు.

కచేరీ అయ్యాక అక్క సరాసరి కిందికి వచ్చి, కప్పిన శాలువా కూడా తియ్యకుండా, బావ చెవి దగ్గర గట్టిగా అడిగింది. "ఎట్లుందయ్యా?"

బావ కాసేపు ఆలోచించాడు. "మధ్యల ఓ కాడ జర తొందరపడ్డవ్."

"అవ్, పడ్డ!" అంది అక్క. కళ్ల నీళ్లు కారుతున్నాయి, నవ్వుతోంది. "విన్నవా తమ్మీ, తొందరపడ్డనట! మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేందయ్యా, వినపడ్తలేదని?"

"చెప్తే నువ్వు వాయించుడు బంద్ చేస్తవని," అన్నాడు బావ, హాలంతా వినపడేలా.

అప్పటినుంచి ఆ ఇంట్లో వయొలిన్ గొంతు దిగింది, మాట్లాడుకోవడం పెరిగింది. బావ తప్పులు పట్టేవాడు, అక్క పోట్లాడేది. బావ పోయేలోగా అలాంటి సాయంత్రాలు వాళ్లకు ఎక్కువేం దక్కలేదు. దక్కినవాటిలో ఒక్కదాన్ని కూడా అక్క తొందరగా ముగించలేదు.